బావ కొన్న చక్రాల పెట్టె

మా బావకి పర్లాకిమిడిలో ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళ సీజన్ వచ్చిందంటే ఇటు పాతపట్నం, అటు కాశీనగర్, గుణుపురం, రాయగడ దాకా పిలుపులొస్తాయి. ఒకే పందిట్లో ఆడపెళ్ళివారు తెలుగులో, మగపెళ్ళివారి స్నేహితులు ఒడియాలో, పురోహితులు సంస్కృతంలో పురమాయిస్తుంటారు. బావ అందరికీ ఒకేలా తలూపి తన పని తను చేసుకుపోతాడు. ఆయన వెనకాల సామాను మోసేవాణ్ణి నేను. బోర్డు మీద మాత్రం అసిస్టెంటుననే రాసి ఉంటుంది.

రెండు కెమెరాలు, నాలుగు లెన్సులు, ఫ్లాషులు, ఛార్జర్లు, గంపెడు వైర్లు. అన్నీ ఒకే భుజానికి. ఒకనాడు మా అక్క నన్ను ఎగాదిగా చూసి, "వీడి కుడి భుజం దిగిపోయింది. పెళ్ళి కావాల్సిన గుంటడు, రేపు పిల్లనెవరిస్తారు?" అని బావ మీద విరుచుకుపడింది. చక్రాల పెట్టె కొనాలని అన్నం కంచాల ముందే తీర్మానం అయిపోయింది. కొనేసరికి మాత్రం సీజన్ దాటింది.

మొదట బావ గట్టి ప్లాస్టిక్ పెట్టె మీద మనసుపడ్డాడు. పెలికన్ 1510 లాంటిది. మూత చుట్టూ రబ్బరు పట్టీ, గాలి ఒత్తిడి సర్దుకోవడానికి బుల్లి వాల్వు, లోపల మన కెమెరా ఆకారానికి తుంపుకునే స్పాంజి. "మహేంద్రతనయకి వరదొచ్చినా తేలుతుందిరా!" అన్నాడు. తేలేది పెట్టె, వెనక ఈదాల్సింది ఎవరో నేను అడగలేదు. చివరికి బరువు దగ్గర ఆగింది. ఖాళీ పెట్టే ఐదారు కిలోలు. మన విమానాల్లో కేబిన్ సామానుకి మామూలుగా ఏడు కిలోలే హద్దు. పెట్టె తూగాక కెమెరాకి మిగిలేదేముందని బావ దిగులు.

బావ ఇప్పటిదాకా విమానం ఎక్కలేదు. ఎక్కిందల్లా నౌపడా-గుణుపురం బండి. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడా నుంచి మా ఊరి దాకా వేయించినప్పుడు ఆ లైను రెండున్నర అడుగుల గేజు. ఇప్పుడు బ్రాడ్‌గేజీ అయింది కాబట్టి పెట్టెతో పాటు మా అక్క కోపం కూడా పడుతుంది. అయినా పెట్టె 55 సెంటీమీటర్ల ఎత్తు దాటకూడదని షాపులో టేపు పట్టుకుని కూర్చున్నాడు. "రేపు దుబాయ్ పెళ్ళి ఒప్పుకుంటే?" అంటాడు. మొన్న టెక్కలి పెళ్ళికే టైముకి చేరలేదు.

నాలుగు చక్రాల ట్రాలీ షాపు గచ్చు మీద వేలితో తోస్తే గిరగిరా తిరిగింది. బావ ముచ్చటపడి బయటికి తెచ్చి చెయ్యి వదిలాడు. వీధి వాలు పట్టుకుని అది తన దారిన తాను వెళ్ళిపోయింది. షాపు కుర్రాడు టీ కొట్టు దగ్గర అందుకున్నాడు. పైగా ఆ బుల్లి చక్రాలు పందిరి ముందు పోసిన కంకరలోకి దిగితే తిరగడం మానేసి దున్నడం మొదలుపెడతాయి. ఈ ఒక్క విషయంలో నాది ఖచ్చితమైన అభిప్రాయం: మట్టి దారులకి రెండే చక్రాలు, పెద్దవి, బాల్ బేరింగు ఉన్నవి, అరిగితే స్క్రూ విప్పి మార్చుకునేవి ఉండాలి. మిగతావి ఎయిర్‌పోర్టులో తిరగాల్సిన సరుకు. చక్రాలున్న బ్యాక్‌ప్యాక్ అని ఇంకోటి చూపించారు. ఊరంతా ఈడ్చి, పేడలో దొర్లించి, తర్వాత ఆ చక్రాలనే వీపుకి ఆనించి మోయాలట. అది నేనే కొట్టేశాను.

చివరికి కొన్నది ముదురు నీలం గుడ్డ పెట్టె. రెండు పెద్ద చక్రాలు, లోపల వెల్‌క్రోతో ఎటు కావాలంటే అటు అతికించుకునే మెత్తటి అడ్డుపలకలు, మూడంకెల నంబరు తాళం. చూస్తే అచ్చం బట్టల సూట్‌కేసే. బావ దాన్ని ఎంచుకున్నది కూడా అందుకే. "కెమెరా బ్యాగంటే దొంగకి పిలిచి పీట వేసినట్టే. ఇందులో ఏముందో ఒక్కడికీ తెలియకూడదు. అదీ సెక్యూరిటీ అంటే!" అన్నాడు. వానాకాలం లెన్సులకి బూజు పట్టకుండా సిలికా జెల్ పొట్లాలు కూడా మూలమూలకీ పడేశాడు.

ఏముందో నిజంగానే ఒక్కరికీ తెలియలేదు.

ఆ పెట్టెతో వెళ్ళిన మొదటి పెళ్ళి మా ఊళ్ళోనే. పెళ్ళికొడుకుది గుణుపురం. రాత్రి ముహూర్తం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అన్నీ బ్రహ్మాండంగా అయ్యాయి. తెల్లారాక అప్పగింతలు. పెళ్ళికూతురు తండ్రి మెడ మీద వాలిపోయి ఏడుస్తోంది, తండ్రి ఆపుకోలేకపోతున్నాడు, ఫ్రేము అద్భుతంగా కుదిరింది. సరిగ్గా అప్పుడు కెమెరా ఆగిపోయింది.

"ఒరే, బ్యాటరీ! బేగి!"

నేను స్టేజీ వెనక్కి పరిగెత్తాను. నీలం సూట్‌కేసు ఉంది. నంబరు తిప్పుదామంటే తాళమే లేదు, జిప్పుకి పసుపుతాడు కట్టి ఉంది. విప్పాను. గుప్పున నెయ్యి వాసన. పైన పట్టుచీర, కింద సున్నుండల డబ్బాలు.

జరిగిందేమిటంటే, సారె సూట్‌కేసులు ఐదని పెళ్ళికూతురు పిన్ని లెక్క. వ్యానులోకి ఎక్కినవి కూడా ఐదే. లెక్క సరిపోయాక ఇక అనుమానమెవరికి వస్తుంది? వ్యాను అప్పటికే కాశీనగర్ రోడ్డెక్కేసింది. ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు లేరు. బావ మిగతా ఏడుపంతా మొబైల్లో తీశాడు. అందులో సగం ఏడుపు ఆయనదేనని నా అనుమానం.

అక్కడ గుణుపురంలో ఏమైందో పెళ్ళికొడుకు తమ్ముడు తర్వాత పూసగుచ్చినట్టు చెప్పాడు. సారె విప్పే వేళకి వీధి ఆడవాళ్ళంతా వసారాలో కూర్చున్నారు. మా పెట్టె దగ్గరికి వచ్చేసరికి పెళ్ళికొడుకు మేనత్తకి చిర్రెత్తింది. "సారెకి తాళమేసి నంబరు చెప్పకుండా పంపినారు, ఇదేటి మర్యాద?" అంది. అంతలో ఆవిడే ఆలోచించి, "శుభమా అని పెట్టె పంపినవాళ్ళు ఇంకేం నంబరు పెడతారు?" అని ఒకటి, ఒకటి, ఆరు తిప్పింది.

తెరుచుకుంది. మా బావ కూడా శుభమా అనే నూట పదహారు పెట్టాడు మరి.

లోపల గదులు గదులుగా నల్ల డబ్బాలు. "పోపులపెట్టె ఇంత పెద్దదా!" అందొక ముత్తైదువ. మేనత్త 70-200 లెన్సు పైకి తీసింది. తెల్లది, పొడుగ్గా, కిలోన్నర బరువు. "అల్లుడికి ఫ్లాస్కు పెట్టారు. గట్టి సరుకే" అని మెచ్చుకుని మూత తిప్పబోయింది. ఓ చంటివాడు సిలికా జెల్ పొట్లం పట్టుకుని కలకండ అని నోట్లో పెట్టుకోబోతే, పెళ్ళికొడుకు చెల్లెలు దాని మీద ఇంగ్లీషులో తినకూడదని రాసి ఉండటం చూసి లాక్కుంది. ఇంతలో పెళ్ళికొడుకు పరిగెత్తుకొచ్చి, "అత్తా, దింపు! అది లక్ష పైన ఉంటుంది!" అని అరిచాడు.

దాంతో లక్ష రూపాయల ఫ్లాస్కు సంగతి మధ్యాహ్నానికి ఊరంతా పాకిపోయింది. ఆడపెళ్ళివారి పరువు అమాంతం పెరిగింది. నిజం తెలిశాక ఎంత దిగిందో మాకు చెప్పలేదు.

సాయంత్రం బండికి పెళ్ళికొడుకు తమ్ముడు మా పెట్టె పట్టుకుని దిగాడు, సారె సూట్‌కేసు తీసుకుని వెళ్ళాడు. బావ ప్లాట్‌ఫారం బెంచీ మీదే తాళం తీశాడు. లెన్సులన్నీ ఉన్నాయి. కెమెరా గది ఖాళీగా ఉండాలి, ఎందుకంటే అది మా దగ్గరే ఉంది. ఖాళీగా లేదు. అందులో పోకుండలు. ఫ్లాషుల మధ్య సందుల్లో పోకుండలు. ఛార్జరు మీద రెండు.

"ఆడపిల్లవారి పెట్టె ఖాళీ గదితో ఎలా పంపుతామని అత్త అంది" అని బండెక్కే ముందే ఆ కుర్రాడు చెప్పాడు.

వెల్‌క్రో అంతా బెల్లం జిగట, 70-200 మూత మీద నూనె వేలిముద్ర. సిలికా జెల్ పొట్లాల చుట్టూ అప్పుడే ఎర్రచీమలు బారులు తీరాయి. బావ కాసేపు పెట్టెకేసి చూసి, ఒక పోకుండ కొరికి, "కొబ్బరి బాగా దట్టించారు" అన్నాడు. తర్వాత చీమల్ని ఊదడానికి లెన్సులు తుడిచే గాలిబుడ్డి నా చేతిలో పెట్టాడు.