యార్క్‌కి ఒక్క వాక్యమేనా?

అమెరికాలో పసిఫిక్ తీరం దాకా దారి వెతుకుతూ సాగిన లూయిస్-క్లార్క్ సైనిక యాత్ర (1804-06) మీద మీ వ్యాసం బాగుంది కానీ, ఆ యాత్ర నాయకుల్లో ఒకరైన క్లార్క్ వెంట వెళ్లిన అతని బానిస యార్క్ గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టేశారు. అతను తుపాకీ పట్టి వేటాడాడు, యాత్రలో జబ్బుపడ్డ సార్జెంట్ ఫ్లాయిడ్‌ని దగ్గరుండి చూసుకున్నాడు. 1805 నవంబరులో కొలంబియా నది పసిఫిక్‌లో కలిసే చోట, చలికాలం ఎక్కడ గడపాలని ఒక్కొక్కరినీ అడిగినప్పుడు యార్క్ మాట కూడా పేరుతో సహా క్లార్క్ డైరీలోకి ఎక్కింది. తిరిగొచ్చాక సైనికులకేమో రెట్టింపు జీతం, 320 ఎకరాల చొప్పున భూమి. ఇతనికి పైసా లేదు! లూయివిల్‌లో భార్య దగ్గర ఉండిపోతానంటే క్లార్క్ ఒప్పుకోలేదు సరికదా, మొండికేస్తున్నాడని కొట్టిన సంగతి అన్నకు ఉత్తరంలో రాశాడు. 2001లో అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ యార్క్‌కి గౌరవ సార్జెంట్ హోదా ఇచ్చారు లెండి, దాదాపు రెండొందల ఏళ్ల తర్వాత.