కారిపోతున్న గడియారం గారికి

మహారాజశ్రీ మెత్తని గడియారం గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే కలం సాగలేదు. తమరు చూస్తే నాలుగు వైపులా జారిపోతున్నారు. కుశలం అడగడం వెక్కిరింపు అవుతుందేమో!

1931లో స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ ఒక బొమ్మలో తమరిని చెట్టుకొమ్మ మీద తడిబట్టలా ఆరేశాడు. భోజనమయ్యాక మెత్తబడిన కామంబేర్ చీజ్ వంక చూస్తూ ఉంటే తమరు తోచారని ఆయనే చెప్పుకున్నాడు. ఆ బొమ్మ ఎత్తు 24 సెంటీమీటర్లు, వెడల్పు 33. అంత చిన్న బొమ్మతో అంత పేరు వచ్చాక ఎవరైనా విశ్రాంతి తీసుకుంటారు. తమరు మాత్రం 1969లో ఆయన ఆలిస్ అద్భుతలోకం కథకు బొమ్మలు వేసేసరికి మళ్లీ కొలువులో చేరారు. అధ్యాయానికొకటి చొప్పున పన్నెండు బొమ్మలు. ఏడో అధ్యాయంలో, ఆ తిక్క టీ విందులో, ఏకంగా బల్ల ఉద్యోగం తమరిదే. నడిమధ్యన చెట్టు మొలిచినా లేవలేదు!

1865లో జాన్ టెన్నియెల్ ఇదే కథకు 42 బొమ్మలు వేశాడు. ఎవరు ఎవరో ఇట్టే తెలుస్తుంది. డాలీ బొమ్మల్లో ఆలిస్ అంటే తాడాట ఆడే చిన్న ఆకారం, ముఖం వెతుక్కోవాలి. ఆ పిల్లా కొత్తది కాదు. డాలీ 1930ల నాటి చిత్రాల్లోంచి తాడుతో సహా గెంతుకుంటూ వచ్చింది. తమరి ఊరి పిల్లేనా?

పిలవని పేరంటానికి వచ్చారని నిలదీయాలనే కూర్చున్నాను. తీరా కథ మళ్లీ తిరగేస్తే నా నోరే మూతపడింది. టోపీల వ్యాపారితో కాలానికి పేచీ వచ్చి అక్కడ ఎప్పుడూ ఆరు గంటలే. పైగా గడియారం యంత్రంలో వెన్న పూసి పాడుచేసిన చెవులపిల్లి, "అది మేలురకం వెన్నే" అని సమర్థించుకుంటుంది. కథ రాసిన లూయిస్ కారొల్ వెన్న పూశాడు, డాలీ చీజ్‌లోంచి తీశాడు. పాల వైపు నుంచి తమరు ఆ ఇంటికి చుట్టమే!

కానీ 1969 నాటి ఆ పుస్తకం పెట్టె సంగతి? పిల్లల కథను విడి కాగితాలుగా పెట్టెలో సర్ది, ముందొక సంతకం చేసిన ఎచింగ్ (లోహపు రేకు నుంచి అచ్చు తీసిన బొమ్మ) పెట్టి, పెద్దవాళ్లు తాళాలు వేసుకున్నారు. ఏ పిల్ల చేతులూ దాన్ని నలపలేదు. 2015లో మామూలు పుస్తకంగా మళ్లీ అచ్చయ్యాక గానీ నాలాంటివాడి బల్ల మీదికి తమరు రాలేదు.

వచ్చిన వారానికే మా ఆరేళ్ల మేనకోడలు, పప్పన్నం తింటున్న చేత్తోనే ఏడో అధ్యాయం తెరిచింది. తమరి అంకెల పక్కన వేలిముద్ర పడింది. తుడిస్తే ఇంకా పాకింది.

మేలురకం నెయ్యే లెండి.

ఇట్లు,
తమరి బల్ల యజమాని