అరటిపండుకు ఆరు కుట్లు

వైద్య విద్యార్థుల మనసును శస్త్రచికిత్స వైపు మళ్ళించడానికి మన హైదరాబాదు మేధావులు ఒక అమోఘమైన సాధనాన్ని కనిపెట్టారు. అది అరటిపండు. పోయిన నెల ఒక వైద్య కళాశాలలో జరిగిన ‘రండి, సర్జన్లు కండి’ తరహా ఉత్తేజ సభకు, హౌస్ సర్జన్‌గా ఉన్న మా అన్నయ్య కూతురి వెంట వెళ్ళి, ఆ సాధన ప్రభావాన్ని కళ్ళారా చూసి వచ్చాను. కళాశాల పేరు చెప్పను. చెప్పకపోయినా మీ ఊరి కళాశాలే అనుకుంటారు. అన్నిచోట్లా అదే శాలువా, అదే జ్ఞాపిక, అదే గుర్రుమనే మైకు కదా.

సభ పదింటికి అన్నారు. నూట యాభై మంది విద్యార్థులకు కుట్లు వేయడం నేర్పే నిమిత్తం రెండు డజన్ల పండ్లు తెచ్చి, ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లల మీద ఎంతో గంభీరంగా పడుకోబెట్టారు. ముఖ్య అతిథి పన్నెండున్నరకు విచ్చేశారు. ఉదయం నిగనిగలాడుతూ చేరిన రోగులు అప్పటికి మచ్చలు తేలి, కొన్ని ఏకంగా గ్యాంగ్రీన్ దశకు చేరుకున్నాయి. ఒక్కొక్క పండు చుట్టూ ఆరేడుగురు మూగారు. ఒకరు పండును పట్టుకున్నారు, ఒకరు సూది పట్టుకున్నారు, ఒకరు కత్తెర పట్టుకున్నారు, తక్కినవారు ఫోను పట్టుకున్నారు. రిబ్బను కత్తిరించినంత లాంఛనంగా ముఖ్య అతిథి మొదటి కుట్టు వేసి దారం బిగించగానే, అది తొక్కను నిలువునా కోసుకుంటూ బయటికి వచ్చేసింది. చప్పట్లు మారుమోగాయి. ఫొటో సరిగ్గా రాలేదని రెండో పండుకు కూడా అదే గతి పట్టించారు. మూడోదానికి ఆరు కుట్లు పడి, ఆరోగ్యం నిలకడగా ఉందని ప్రకటించేలోపే, పొద్దుటి నుంచి టిఫిను లేని ఒక నిర్వాహకుడు దానిని పక్కకు తీసుకుపోయి, కుట్లు విప్పి, తినేశాడు. బంధువుల సంతకం తీసుకున్నట్టు లేదు.

మన ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుడు ఇంతకంటే పట్టింపు గల మనిషి. తన సుశ్రుత సంహితలో, సూత్రస్థానం తొమ్మిదో అధ్యాయంలో ఆయన శిష్యుల చేతికి పని చెప్పిన తీరు చూడండి: కోయడం గుమ్మడి, సొర, దోసకాయల మీద, చీల్చడం నీళ్ళు నింపిన తోలుసంచి మీద, సిర పొడవడం చచ్చిన పశువు మీద, తామరతూడు మీద, కుట్టు వేయడం గుడ్డ అంచు మీద, మెత్తని తోలు మీద. శాస్త్రమంతా చదివినా చేతితో అభ్యాసం చేయనివాడు పనికిరాడని కూడా ఆయనే చెప్పాడు. అరటిపండు ఊసు ఎక్కడా లేదు. శాలువా ఊసు అసలే లేదు.

మన పద్ధతి వేరు. సర్జన్ కాదలచినవాడు ముందు పీజీ నీట్ అనే ప్రవేశ పరీక్షలో 200 ప్రశ్నలకు మూడున్నర గంటలలో గడులు నింపాలి. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. ఆ మూడున్నర గంటలలో చేతికి తగిలే ఆయుధం మౌసు ఒక్కటే. మంచి ర్యాంకు వచ్చినవాడు తెలివైనవాడు గనుక వెళ్ళి, కత్తి పట్టకుండా స్కాన్లు చూసే రేడియాలజీలో చేరతాడు. అప్పుడు పెద్దలందరూ బుగ్గన వేలేసుకుని, యువతలో తపన తగ్గిపోయిందని సభ పెడతారు. సర్జన్ అనే మాట మీద విరక్తి పుట్టించే ఏర్పాటు అంతకుముందే ఉంది. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ళు చదివి, ఏడాది ఇంటర్న్‌షిప్‌లో అడుగుపెట్టిన ప్రతివాడికీ మనం హౌస్ సర్జన్ అని బిరుదు ఇస్తాము. ఆ బిరుదాంకితుడు ఏడాది పొడవునా చేసే శస్త్రచికిత్స ఏమిటంటే, రక్తం సీసాలను ల్యాబుకు మోయడం, ట్రాలీ తోయడం, థియేటర్లో మూడు గంటలు, కోతను తెరిచి ఉంచే రిట్రాక్టరు పట్టుకుని ముందున్నవారి వీపును అధ్యయనం చేయడం.

ముఖ్య అతిథి ప్రసంగం గంటా పది నిమిషాలు సాగింది. నగర వైభవాన్ని తలచుకుంటూ ఆయన క్లోరోఫారం అనే మత్తుమందును పరీక్షించిన 1889 నాటి కమిషన్‌ను ప్రస్తావించారు. ఆరో నిజాం ఖర్చు భరించగా, ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ ఈ హైదరాబాదులోనే వందలాది జంతువులకు మత్తు ఇచ్చి, నాడిని కాదు, ఊపిరిని గమనించండని లోకానికి చాటిన ఉదంతం అది. ఆ సమయానికి సభలో మూడొంతుల మంది మత్తులో ఉన్నారు. నిర్వాహకులు నాడినీ చూడలేదు, ఊపిరినీ చూడలేదు.

మా అమ్మాయి మాత్రం, రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చినది, మేలుకునే ఉంది. లేచి నిలబడి, సర్జరీ పీజీలో డ్యూటీ ఎన్ని గంటలుంటుంది సర్ అని అడిగింది. ఆయన ప్రసన్నంగా నవ్వి, సర్జరీ ఉద్యోగం కాదమ్మా, తపస్సు అన్నారు. అంతటితో ఆగినా బాగుండేది. అయినా నీకెందుకమ్మా ఈ కష్టం, రేపు పెళ్ళి, పిల్లలు, హాయిగా గైనిక్ తీసుకో అన్నారు.

గైనిక్‌లో అర్ధరాత్రి రెండింటికి సిజేరియన్లు ఎవరు చేస్తారని ఈ పెద్దమనిషి అనుకుంటున్నాడు? అది కత్తి పట్టే పని కాదా? అక్కడ బిడ్డలు ఆఫీసు వేళల్లోనే పుడతారా? తాను అప్పుడే తలచుకుని తరించిన ఆ క్లోరోఫారం ప్రయోగాల్లో, ఈ ఊరి వైద్య పాఠశాలలోనే చదువుకున్న రూపాబాయి ఫర్దూన్జీ అనే స్త్రీ పాలుపంచుకుందని ఈయనకు తెలియదా, తెలిసీ మింగేశాడా? ఇక తపస్సు సంగతి. రెసిడెంట్ డాక్టర్లకు, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పీజీ చదివేవారికి, ఏకబిగిన 12 గంటలకు మించి, వారానికి 48 గంటలకు మించి మామూలుగా పని ఉండరాదని కేంద్రం 1992లోనే కాగితం మీద రాసింది. నాలుగేళ్ళ కింద ఒక ఆసుపత్రిలో అర్ధరాత్రి దాటాక నా అపెండిక్స్ తీసిన రెండో ఏడాది పీజీ కుర్రవాడు, మర్నాడు రౌండ్స్‌లో నా కట్టు చూస్తూ చూస్తూ మంచానికి ఆనుకుని నిలుచునే నిద్రపోయాడు. పడిపోకుండా అతని మోచేయి పట్టుకున్నది రోగినైన నేను. ముప్పై గంటలు దాటిందట. నా పొట్ట కోసినవాడు ఎన్ని గంటలుగా మేలుకుని ఉన్నాడో ముందు రోజు నాకు ఎవరూ చెప్పలేదు. పిల్లల నిద్రను దోచుకుని, దానికి తపస్సు అని పేరు పెట్టి, పైగా వాళ్ళకే తపన లేదని మైకు పట్టుకుని తిట్టడానికి సిగ్గుండాలి.

క్షమించండి, సభా మర్యాదకు తిరిగి వస్తాను. చివర అభిప్రాయ సేకరణ పత్రం పంచారు. ఈ కార్యక్రమం తరువాత మీరు సర్జరీని ఎంచుకుంటారా అన్న ప్రశ్న కింద ‘తప్పకుండా’, ‘కచ్చితంగా’ అని రెండే గడులున్నాయి. మా అమ్మాయి రెండింటిలోనూ టిక్కు పెట్టింది. ఇంత జరిగాక కూడానా తల్లీ అన్నాను. వీళ్ళు చెప్పకముందు నుంచీ నాకు అదే కావాలి బాబాయ్ అంది.

ఆటో ఎక్కాక, సుశ్రుతుడు చెప్పిన మెత్తని తోలు గురించి చెప్పాను. మీ పాత హ్యాండుబ్యాగు పిన్ని ఇంకా దాచిందా అని అడిగింది. అటక మీద ఉండాలి, చూస్తానులే అనేలోగా నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. రాత్రి ఎనిమిదింటికి మళ్ళీ క్యాజువాలిటీ డ్యూటీ.