ఫౌండేషన్ గారూ, ఐదొందల ఏళ్లు బాకీ

మహారాజశ్రీ అసిమోవ్ గారి సైన్స్ ఫిక్షన్ ఫౌండేషన్ నవలల వారికి, పర్లాకిమిడి నుంచి పాత పాఠకుడు నమస్కరించి రాయునది.

నిన్న తమ దయవల్ల గుణుపూర్ చూశాను. నౌపడలో కిలో రొయ్యలు కొని బండెక్కాను. పాతపట్నం దాకా ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉన్నాను. అక్కడే, తమ రెండో పుస్తకంలో, మ్యూల్ అనే మారుపేరు పెట్టుకున్న విజేత దండెత్తాడు. వాడెవడో ఆరుసార్లు చదివినవాడికి తెలియదా? అయినా తల ఎత్తలేదు. ఎత్తేసరికి మా ఊరు దాటి పట్టాలే అయిపోయాయి. టెర్మినస్ అనే గ్రహం గురించి చదువుతూ టెర్మినస్‌లోనే దిగానన్నమాట. తిరుగు బండి సాయంత్రమేనట. బెంచీ కింద సంచీలోంచి రొయ్యల నీళ్లు బొట్టుబొట్టుగా కారుతుంటే చీమలు వరస కట్టాయి. ఇంటి నుంచి ఫోను: "ఏవండీ, రొయ్యలు వస్తున్నాయా, అక్కడే కాపురం పెట్టాయా?"

రొయ్యలు పోనివ్వండి. మొదటి పుస్తకంలో ఆడమనిషి కనబడాలంటే భూతద్దం కావాలి, అదీ పోనివ్వండి. గెలాక్సీ ఏలేవాళ్లు కూడా మా తాతలాగే చుట్టలు మానలేదు. 1966లో తమకి సార్వకాలిక ఉత్తమ సిరీస్ అని హ్యూగో అవార్డు కూడా ఇచ్చారు. సంతోషం.

నాక్కావలసింది లెక్క. సామ్రాజ్యం కూలితే ముప్ఫై వేల ఏళ్ల చీకటి, తన ప్లాన్ ప్రకారం నడిస్తే వెయ్యేళ్లతో సరి అని, తమ కథలో భవిష్యత్తుకి లెక్కలు కట్టే గణితవేత్త హారీ సెల్డన్ గారు మాటిచ్చారు. 1953లో మూడో పుస్తకంతో ఆగారు. మళ్లీ 1982లో వచ్చారు. సరే, పెద్దవాళ్లు, ఆలస్యమవుతుంది. 1986 పుస్తకం అయ్యేసరికి గడిచింది సుమారు ఐదొందల ఏళ్లు. మిగతా సగం? అసిమోవ్ గారు వెనక్కి తిరిగి సెల్డన్ పడుచుతనం రాసుకుంటూ కూర్చున్నారు. 1992లో పోయారు. పేరుకే ఫౌండేషన్. గోడలు సగం లేపి, కప్పు వేయకుండా మేస్త్రీ మళ్లీ పునాది తవ్వడానికి దిగాడు! కాలేజీ రోజుల నుంచి ఆ కప్పులేని ఇంట్లో తడుస్తున్నానయ్యా. ఏడుసార్లు నా చేత పునాది నుంచి మొదలెట్టించావు. నా ఐదొందల ఏళ్లు ఎవడిస్తాడు? నీకు సిగ్గులేదు, నాకు అంతకంటే లేదు.

ఎందుకంటే ఆ ఖజానా గది ఉందే. ఊరంతా చేతులు కట్టుకుని చూస్తుంటే, ఎప్పుడో పోయిన సెల్డన్ ముందే రికార్డు చేసిపెట్టిన బొమ్మ వెలుగుతుంది. వ్యాపారుల అంతర్యుద్ధం గురించి తాపీగా చెప్పుకుపోతుంది. అలాంటిదేదీ జరగలేదు. బయట ఉన్నది మ్యూల్. అన్ని లెక్కలు కట్టినాయన తప్పాడు! అక్కడికి వస్తే ఇప్పటికీ వెన్నులో జివ్వుమంటుంది. మా ముత్తాత 1936 మార్చి 31 రాత్రి మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకుని, తెల్లారి ఒరిస్సాలో లేచాడు. మంచం కదల్లేదు. ఎవరి ప్లాన్‌లోనో అంచున పడ్డవాళ్లం కదా, ప్లాన్ తప్పితే భయమూ వేస్తుంది, లోపల కాస్త ఖుషీగానూ ఉంటుంది.

రెండో పుస్తకం ఎండలో పెట్టాను, నీచు వాసన పోలేదు. మూడోది బండిలోకి తీసుకెళ్లకూడదని ఇంట్లో ఆర్డర్. చొక్కా లోపల పెట్టుకుంటాను.

ఇట్లు,
రొయ్యల సంచీవాడు