మంచు సీమలో అల్లుడి మర్యాదలు

ఈ ఏడాది సంక్రాంతికి కోనసీమలోని మా అత్తవారింటికి వెళ్లకుండా జపాన్‌లోని నీగాతా ప్రాంతానికి మంచు చూడటానికి వెళ్లినందుకు ముందుగా బంధువర్గానికి సంజాయిషీ ఇచ్చుకోవలసిన బాధ్యత నా మీద ఉంది. పెళ్లయి ఇరవై రెండేళ్లు దాటిన అల్లుడు రాకపోతే అక్కడ అరిసెలు మిగిలిపోతాయన్న భ్రమ నాకేమీ లేదు. అయినా పద్ధతి పద్ధతే. తప్పంతా టోక్యోలో ఉద్యోగం చేసుకుంటున్న మా బావమరిదిది. తమ్ముడి కాపురం చూసి రావాలని మా ఆవిడ పట్టుబట్టిన సమయంలోనే అతడు ఫోన్ చేసి, "చలికాలంలో జపాన్ దాకా వచ్చి మంచు చూడకుండా వెళ్లిపోతే, కొండెక్కి దర్శనం చేసుకోకుండా లడ్డూలు మాత్రం కొనుక్కుని దిగిపోయినట్టు ఉంటుంది బావగారూ" అన్నాడు. డబ్బు విషయంలో ఎన్నడూ తొందరపడని నేను ఆ ఒక్క మాటకు తొందరపడ్డాను.

తీరా వెళ్లాక తేలినదేమిటంటే, అక్కడ ఉన్నది ఒక మంచు కాదు, రెండు. ఒకటి ప్రభుత్వ కాగితాల్లో ఉండే మంచు; దాని పేరు విపత్తు. రెండవది రైల్వే పోస్టర్లలో ఉండే మంచు. దాని పేరు అందం. ఈ రెండింటిలో ఏది అసలైనదో తేల్చడానికి, ఎవరూ నియమించకపోయినా, నేను ఏకసభ్య కమిషన్‌గా ఏర్పడి ఐదు రోజులు విచారణ జరిపాను. సాధారణంగా ఇటువంటి కమిషన్లు గడువు పొడిగించమని కోరతాయి. నాకు వీసా అడ్డం వచ్చింది కనుక నివేదికను సకాలంలోనే సమర్పిస్తున్నాను.

విచారణాధికారి అర్హతల గురించి ఒక మాట. మంచు విషయంలో మన తెలుగు బహు పొదుపరి. లంబసింగిలో తెల్లవారుజామున గడ్డిపరకల మీద మెరిసేదీ మంచే, జాతీయ రహదారి మీద ఎదుటి లారీని మింగేసేదీ మంచే, హిమాలయాల నెత్తిన కూర్చున్నదీ మంచే. అటువంటి భాషలో పెరిగినవాడిని, పిండిలా జల్లించినట్టు రాలేదానికి 'కొనాయుకి' అని, పెద్ద పెద్ద రేకులుగా రాలేదానికి ఒక పువ్వు పేరు మీద 'బొతన్‌యుకి' అని వేర్వేరు పేర్లు పెట్టుకున్న జనం మధ్య నిలబెడితే ఏం చేస్తాడు? మొదటి రోజంతా నేను "అబ్బ, మంచు" అని మాత్రమే అనగలిగాను. మా ఆవిడ దానికి "చలి" అని ఒక పదం చేర్చింది. సాహిత్యపరంగా మా యాత్ర ఆ పూటతోనే ముగిసింది.

ముందు కాగితాల మంచు సంగతి చూద్దాం. అతిగా మంచు కురిసే ప్రాంతాల కోసం జపాన్ 1962లో ఒక ప్రత్యేక చట్టం చేసింది. దాని కింద ప్రకటించిన ప్రాంతాలు దేశ విస్తీర్ణంలో దాదాపు సగం ఉంటాయి. వాటిలో నివసించేవారు మాత్రం దేశ జనాభాలో దాదాపు 15 శాతమే. నీగాతా మొత్తం ఆ జాబితాలోనే ఉంది. కరవు మండలాల జాబితాలో తమ మండలం పేరు వెతుక్కునే మనకు ఈ పద్ధతి కొత్తది కాదు. చట్టం వచ్చిన సంగతి మంచుకు కూడా తెలిసినట్టుంది. 1963 జనవరి చివరికల్లా నాగావొకా పట్టణంలో 318 సెంటీమీటర్ల మందాన పేరుకుని తన అభ్యంతరాన్ని నమోదు చేసుకుంది. అంతకుముందు 1945 ఫిబ్రవరిలో తకాదాలో 377 సెంటీమీటర్లు, అదే నెలలో పక్క జిల్లా అంచున ఉన్న మోరిమియనొహరా రైల్వే స్టేషన్‌లో 785 సెంటీమీటర్లు పేరుకున్నాయి. భద్రాచలంలో గోదావరి మట్టాన్ని గుర్తుపెట్టుకున్నట్టే, ఆ స్టేషన్‌లో 785 సెంటీమీటర్ల గుర్తుతో ఒక స్తంభం పాతి ఉంచారు. పూర్వం ఒకసారి తకాదా ఊరంతా మునిగిపోతే, దారిన పోయేవారి సౌకర్యార్థం "ఈ కింద తకాదా ఉంది" అని బోర్డు పెట్టారని అక్కడ చెప్పుకుంటారు. మన పంచాయతీల బోర్డులు ఊరి పొలిమేరలో ఉంటాయి. వారిది ఊరి నెత్తి మీద ఉండేదన్నమాట.

ఈ వైపరీత్యానికి మూలకారణం సైబీరియా. అక్కడి చలిగాలి ఇంటి దగ్గర పొడిగా, బుద్ధిగానే బయలుదేరుతుంది. దారిలో జపాన్ సముద్రం మీద, దక్షిణం నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం తగలగానే కడుపు నిండా తేమ తాగేస్తుంది. ఎచిగో కొండలు అడ్డం రాగానే తాగినదంతా అక్కడే కక్కేసి, కొండ దాటి టోక్యో చేరేసరికి ముఖం తుడుచుకుని మళ్లీ పెద్దమనిషి అవుతుంది. అందుకే శీతాకాలమంతా టోక్యోకు నీలాకాశం, నీగాతాకు పార.

ఈ అన్యాయాన్ని రాజకీయంగా గుర్తించిన మహానుభావుడు తనాకా కకుయెయి. నీగాతాలో పుట్టి 1972లో ప్రధానమంత్రి అయిన ఈయన, తొలినాళ్ల ఎన్నికల ప్రచారంలో, మికుని కనుమను డైనమైటు పెట్టి పేల్చేస్తే మంచు మేఘాలు టోక్యో వైపు పోతాయని, ఆ మట్టితో సముద్రాన్ని పూడ్చి సాదో ద్వీపాన్ని ఒడ్డుకు కలిపేయవచ్చని సభలో చెప్పారట. (వాగ్దానాల్లో ఆరితేరిన మన నాయకులెవరూ రెంటచింతల ఎండను పక్క రాష్ట్రానికి మళ్లిస్తామని ఇంతవరకు అనలేదు. ఈ పేరా వారి కంటపడకూడదని కోరుకుంటున్నాను.) కొండ పేలలేదు. ఆ కొండల వరుస కిందే 22 కిలోమీటర్ల సొరంగం తవ్వి, 1982లో బుల్లెట్ రైలు నడిపారు. మంచు టోక్యోకు వెళ్లలేదు గాని, టోక్యోయే కిటికీ పక్క సీటు అడిగి మరీ గంటా ఇరవై నిమిషాల్లో మంచు దగ్గరికి రావడం మొదలుపెట్టింది.

మేమూ అలాగే వచ్చాం. సొరంగానికి ఇవతల ఎండ కాస్తోంది. పొలాలు బూడిద రంగులో ఎండి ఉన్నాయి. ఐదారు నిమిషాల చీకటి తరువాత ఎవరో తెర లాగినట్టు లోకమంతా తెల్లబడింది. పెట్టెలో ఉన్నవారంతా ఒక్క గొంతుతో "ఓ" అన్నారు. కమిషన్ నమోదు చేసిన మొదటి సాక్ష్యం ఇదే: టికెట్టు కొన్నవారు "ఓ" అంటారు, ఇల్లు కొన్నవారు అనరు.

ఎచిగో-యుజావా పక్కనే గాలా యుజావా అని మరో స్టేషన్ ఉంది. మంచు మీద జారేవారి కోసమే 1990లో తెరిచారు. మంచు కాలం అయిపోగానే రైళ్లు అక్కడికి వెళ్లడం మానేస్తాయి. దీని వెనుక కొంత చరిత్ర ఉంది. ఆ ప్రాంతపు జనం తరతరాలుగా గడ్డితో అల్లిన బూట్లు తొడుక్కుని, వాటి కింద కంజికి అనే చట్రాలు కట్టుకుని, మంచులో పడకుండా నడవడానికి నానా అవస్థలూ పడేవారు. 1911 జనవరి 12న ఆస్ట్రియా-హంగేరీ సైన్యానికి చెందిన మేజర్ థియోడర్ ఫాన్ లెర్ఖ్ తకాదాలోని సైనికులకు స్కీయింగ్ నేర్పడం ప్రారంభించాడు. దానితో, పడకుండా ఉండటం శ్రమ అని, పడటం వినోదమని, దానికి రుసుము కూడా వసూలు చేయవచ్చని దేశానికి తెలిసివచ్చింది. నేను పదకొండుసార్లు పడ్డాను. పన్నెండోసారి లేవకుండా అక్కడే కూర్చుని, ప్రకృతిని ఆస్వాదిస్తున్నట్టు కనిపించాను.

కమిషన్‌కు అసలైన సాక్షి మూడో రోజు ఉదయం సత్రం కిటికీలోంచి దొరికాడు. ఎదురింటి కప్పు మీద డెబ్బై ఐదేళ్లకు తక్కువ ఉండని ఒక పెద్దాయన, నడుముకు తాడు కట్టుకుని, మంచును పలకలు పలకలుగా కోసి కిందికి తోస్తున్నాడు. కొత్తగా రాలినప్పుడు దూదిలా ఉండే ఈ పదార్థం, కొన్నాళ్లు పేరుకుని గట్టిపడితే ఘనపు మీటరు 300 కిలోలు తూగుతుంది. తోయకపోతే ఇల్లు కూలుతుంది. కింద ఆయన భార్య కాబోలు, పెద్ద చేట వంటి పారను రెండు చేతులా పట్టుకుని ఆ కుప్పను కాలువలోకి నెడుతోంది. ఆ పార పేరు 'మామా-సాన్ డంప్'. అమ్మలు కూడా సులువుగా నెట్టగలరన్న ఉద్దేశంతో పెట్టిన పేరట. పనిముట్టుకు అమ్మ పేరు పెట్టి, ఆ గౌరవంతో పనిని ఆవిడకే అప్పగించే విద్య మన ఒక్కరి సొత్తే అనుకుంటూ ఉన్న నాకు అది కనువిప్పు. మా ఆవిడ "ఎంత బాగుందో" అని ఫోటో తీసింది. కప్పు మీది పెద్దాయన అది గమనించి, పని ఆపి, నడుం వంచి మాకు నమస్కరించాడు. ఆ నమస్కారానికి ఏం సమాధానం చెప్పాలో తెలియక మేము కర్టెన్ వేసేశాం.

తరువాత బావమరిదిని అడిగితే తెలిసింది. జపాన్‌లో ఏటా మంచు వల్ల పోయే ప్రాణాల్లో ఎక్కువ భాగం ఇలా మంచు తీసేటప్పుడు పోయేవేనని, పోయేవారిలో ఎక్కువమంది వృద్ధులేనని, కుర్రవాళ్లంతా అతడిలాంటివారు ఉద్యోగాలు చేసే టోక్యోకే వెళ్లిపోయారని చెప్పాడు. బయటివారికి మంచు తీయడం నేర్పే శిక్షణ శిబిరాలు కూడా నీగాతాలో ఉన్నాయి. కరాటే నేర్పే చోటును పిలిచినట్టే దానినీ 'దోజో' అని గౌరవంగా పిలుస్తారు. నేను చేరతానేమోనని మా ఆవిడ ఆశగా చూసింది. కమిషన్ సభ్యులు పక్షపాతం లేకుండా ఉండాలి కనుక పార ముట్టుకోలేదు.

రోడ్ల విషయంలో మాత్రం వారు మంచును దాని మానాన వదిలేయలేదు. నడిరోడ్డున గొట్టాలు పాతి, భూగర్భజలాన్ని చిన్న చిన్న ఫౌంటెన్లలా చిమ్ముతారు. భూమిలోంచి వచ్చే నీరు 13, 14 డిగ్రీల వెచ్చదనంతో ఉంటుంది కనుక పడిన మంచు పడినట్టే కరుగుతుంది. ఈ పద్ధతి నాగావొకాలో పుట్టింది. నీటిలోని ఇనుము వల్ల రోడ్లన్నీ ఎర్రబారి, ఊరంతా ఎవరో కిళ్లీ నమిలి ఉమ్మినట్టు కనిపించడంతో నాకు ఒక్కసారి ఇల్లు గుర్తుకొచ్చి కళ్లు చెమర్చాయి. అయితే ఇలా తోడి తోడి కొన్నిచోట్ల నేల కుంగిపోయింది. మంచు మీదినుంచి నొక్కుతుంటే నేల కిందినుంచి జారిపోవడం అన్నమాట. పోస్టర్లలో ఈ ఫౌంటెన్లు లేవు. ఊరివారంతా రబ్బరు బూట్లు వేసుకుంటారని కూడా వాటిలో లేదు. ఆ సంగతి నా గుడ్డ బూట్లు మొదటి పది అడుగుల్లోనే స్వయంగా తెలుసుకున్నాయి.

ఇంత కష్టం పెడుతున్న మంచుతో ఊరికే ఉంటే వారు జపనీయులు ఎందుకవుతారు? త్సునాన్‌లో క్యారెట్లను శరదృతువులో పీకకుండా మంచు కిందే వదిలేసి, వసంతం రాబోతుండగా తవ్వి తీసి, తియ్యగా ఉన్నాయని ఎక్కువ ధరకు అమ్ముతారు. మన దగ్గర పంట పొలంలోనే ఉండిపోతే నష్టపరిహారానికి దరఖాస్తు పెడతాం. మంచును కొట్టాల్లో నింపి, అందులో బియ్యం, బియ్యంతో చేసే సాకే అనే మద్యం మాగబెడతారు. ఎచిగో-యుజావా స్టేషన్‌లోనే గోడ పొడవునా సాకే యంత్రాలు ఉన్నాయి; బిళ్ల వేస్తే చిన్న కప్పెడు వస్తుంది. మా బావమరిది అక్కడ చాలాసేపు నీగాతా సంస్కృతిని అధ్యయనం చేశాడు. ఇక ఒజియా పరిసరాల్లో నేసే సన్నటి నారబట్టను ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎండపూట మంచు మీద పరిచి తెల్లబరుస్తారు. ఆ నేతకు 2009లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. ఉతికి తెల్లబరచిన బట్టను మనం 'చలువ బట్ట' అంటాం. ఉడకబెట్టి, కాల్చే ఇస్త్రీ పెట్టె కింద నలిపి తీసినదానికి ఆ పేరు ఎందుకు వచ్చిందో చిన్నప్పటి నుంచి అర్థం కాలేదు. మాట మనది, చేతల్లో మాత్రం అది వారిది.

చివరి మజిలీ మత్సునొయామా. సముద్రం కనుచూపు మేరలో లేని ఈ కొండల మధ్య వేడినీటి బుగ్గలున్నాయి. ఆ నీరు కోటీ ఇరవై లక్షల ఏళ్ల కిందట భూమిలో చిక్కుకుపోయిన సముద్రపు నీరని చెబుతారు, నోట్లో పడితే ఉప్పగా ఉంటుంది. నూలుపోగు లేకుండా దిగాలన్న నిబంధన విని నేను కొంత తాత్త్విక చర్చ చేసి, ఓడిపోయి, దిగాను. మెడ దాకా మరిగే నీళ్లు, నెత్తి మీద రాలే మంచు. నిష్పాక్షికంగా చెప్పాలంటే, ఆ అరగంటసేపు కమిషన్ పోస్టర్ల పక్షాన నిలిచింది.

మరునాడు జనవరి 15. మన సంక్రాంతి రోజుల్లోనే వారికీ పండుగ. కొత్త సంవత్సరపు అలంకారాలన్నీ పోగుచేసి మంట వేశారు, అచ్చం భోగిమంటే. ఆ బూడిదను మంచులో కలిపి, ఏడాదంతా ఆరోగ్యంగా ఉండాలని ఒకరి ముఖానికి ఒకరు పూసుకున్నారు, నాకూ పూశారు. దానికి ముందు జరిగిన తంతే ఈ నివేదికకు ప్రాణం. దాని పేరు 'ముకో-నాగె', అనగా అల్లుణ్ని విసరడం. ఊరి ఆడపిల్లను కిందటి ఏడాది పెళ్లాడిన కొత్త అల్లుణ్ని భుజాల మీద ఊరేగింపుగా గుడి దగ్గరికి మోసుకెళ్లి, నలుగురూ కాళ్లూ చేతులూ పట్టి ఊపి, ఐదు మీటర్ల కిందికి మంచులోకి విసిరేస్తారు. మా పిల్లను పట్టుకుపోతావా అన్న ఊరి కుర్రాళ్ల కడుపుమంటలోంచి సుమారు 300 ఏళ్ల కిందట పుట్టిన ఆచారమట. అల్లుడు దొర్లుకుంటూ పోయి, నడుము దాకా మునిగి, లేచి చేతులెత్తి నవ్వాడు. భార్య పరుగున వెళ్లి ఒంటి మీది మంచు దులిపింది. నా పక్కనున్న మా ఆవిడ ఆ ఎత్తును కళ్లతో కొలుస్తూ ఉండటం నేను గమనించకపోలేదు.

ఆ రాత్రి పండుగ నమస్కారాలు చెప్పడానికి కోనసీమకు ఫోన్ చేశాం. ఈ వింతను మా ఆవిడ పూసగుచ్చినట్టు తండ్రికి వివరించింది. అవతల చాలాసేపు నిశ్శబ్దం. తరువాత మా మామగారు ఫోన్ నాకు ఇమ్మని, ఎన్ని మీటర్లని ఒకటికి రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నారు. మన దగ్గర అంత మంచు లేదు కదండీ మామయ్యగారూ, అని నేను నవ్వేయబోయాను.

"మంచు లేకపోతేనేమండీ అల్లుడుగారూ," అన్నారాయన, ఎంతో మర్యాదగా. "గడ్డివాములున్నాయి కదండీ."