వీరులారా, ముందుకు జరగండి

మాజీ సైనికులకు చవక ఇళ్లలో ప్రాధాన్యం ఇస్తామని ప్రభుత్వాలు అన్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఇంత తక్కువ ఖర్చులో ఇంత పెద్ద సన్మానం ఇంకోటి లేదు. ఇల్లు కట్టాలంటే స్థలం, సిమెంటు, డబ్బు, అన్నీ కావాలి. ప్రాధాన్యం ఇవ్వడానికి రబ్బరు స్టాంపు చాలు.

ఈ విద్యలో బ్రిటన్‌ది అందెవేసిన చెయ్యి. 1918లో యుద్ధం ముగియగానే ప్రధాని లాయిడ్ జార్జ్ వీరులు బతకదగ్గ దేశం కడతామన్నారు. 1919లో చట్టం వచ్చింది. లక్ష్యం మూడేళ్లలో 5 లక్షల ఇళ్లు. 1921లో ఖజానాకు కళ్లు తిరిగి సబ్సిడీ ఆగింది. లేచినవి 2 లక్షల పైచిలుకు. మిగిలినవాళ్ల గురించి దిగులెందుకు? కందకాల్లో ఏళ్ల తరబడి ఉండి వచ్చినవాళ్లకు ఇరుకు కొత్తా!

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం 'స్థానిక సంబంధం' నిబంధన. ఇంగ్లండ్‌లో నిలువ నీడ లేనివాడు ఓ ఊరి కౌన్సిల్ (స్థానిక పాలకమండలి) సాయం అడిగితే, ఆ ఊరితో తనకేం సంబంధమో చూపించాలి. సైనికుడైతే 1996 నాటి చట్టంలో అదనంగా ఓ మెలిక ఉండేది. సైన్యంలో ఉంటూ ఆ ఊళ్లో గడిపిన కాలం సొంత ఇష్టంతో గడిపినది కాదు, పైవాళ్ల ఆర్డరు మీద గడిపినది. కాబట్టి లెక్కలోకి రాదు. ఏం తర్కం! దేశం మొత్తాన్ని కాపాడినవాడికి అందులో ఒక్క ఊరితోనూ సంబంధం లేదు. ఆ మెలికను 2008లో తీసేశారు. ఆ వాక్యం రాసిన మహానుభావుడికి ఏ పతకమూ ఇచ్చినట్టు లేదు, అన్యాయం.

ఇంకొన్ని ఇళ్లు కడితే సరిపోతుంది కదా అనే అమాయకులూ ఉన్నారు. అందరికీ ఇళ్లు దొరికితే ఇక ప్రాధాన్యానికి విలువేముంటుంది? క్యూ ఉంటేనే కదా ఒకరిని ముందు నిలబెట్టగలిగేది! సైనికుడు ఒక అడుగు ముందుకు జరిగితే, భర్త కొట్టి తరిమేసిన ఇల్లాలు, చక్రాల కుర్చీలోని ముసలాయన ఒక్కో అడుగు వెనక్కి జరుగుతారు. యూనిఫాం వేసుకోకుండానే వాళ్లకూ దేశసేవ చేసే భాగ్యం. కొత్త ఇల్లు ఒక్కటీ లేవకుండా ఇంతమందికి పుణ్యం పంచిన పథకం ఇంకేదైనా ఉందా?

నాది ఒక చిన్న సూచన. సైనికుడికిచ్చే నంబరు చీటీని దళసరి కాగితం మీద, బంగారు అక్షరాలతో అచ్చు వేయించాలి. లామినేషన్ కూడా చేయిస్తే మేలు. రాత్రిళ్లు ఆయన బయటే పడుకుంటాడు కాబట్టి వానకు తడిసిపోదు.