పేరు పెట్టి చెప్పే స్తోత్రం

ప్రార్థనలో విన్నపాలకు ముందు దేవుడికి స్తుతి ఉండాలని మీరు రాసింది చదవగానే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆమె "అన్నిటికీ స్తోత్రం" అని ఊరుకునేది కాదు. బావిలో నీళ్లు ఊరినందుకు, గేదె సుఖంగా ఈనినందుకు, తమ్ముడికి జ్వరం తగ్గినందుకు అని ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పేది. నిద్ర ముంచుకొచ్చి మేం విసుక్కునేవాళ్లం. అలా చెప్పాలంటే పగలంతా గమనిస్తూ ఉండాలని ఇప్పుడు అర్థమవుతోంది.

బైబిల్లో దానియేలు గ్రంథం 6వ అధ్యాయం చూడండి. 30 రోజులపాటు రాజుకు తప్ప ఇంకెవరికి విన్నపం చేసినా సింహాల గుహే అని శాసనం వచ్చింది. అది తెలిసి కూడా దానియేలు ఇంటికి వెళ్లి, ఎప్పటిలాగే రోజుకు మూడుసార్లు మోకరించి దేవుణ్ణి స్తుతించాడు. ఆ "ఎప్పటిలాగే" దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. టెన్షన్ వచ్చాక మొదలుపెట్టిన అలవాటు కాదది.

నాన్న ఆపరేషన్ రోజు ఆస్పత్రి వరండాలో నాకు అడగడానికి కూడా మాటలు రాలేదు. 136వ కీర్తన తెరిచాను. అందులో 26 వచనాలూ "ఆయన కృప నిరంతరముండును" అనే ముగుస్తాయి. ప్రతి వచనంలో మొదటి సగం నేను చదివితే, ఆ చివరి మాట అమ్మ చెప్పింది. 26 సార్లు! పూర్తయ్యేసరికి ఇద్దరికీ ఊపిరి కాస్త తేలికపడింది.

ఇప్పుడు మా పిల్లల చేత రోజూ మూడు సంగతులు చెప్పిస్తున్నాను. నిన్న మా చిన్నది, "వాన పడ్డందుకు స్తోత్రం" అంది.